సీటు మీద తువ్వాలు

"ఎట్లా ఊడేదే గదా మేడమ్,
పీకేయండి" అన్నా.
పొద్దున ఆరింటికే చీటీ రాయించుకొని
కోట పక్క డెంటల్ కాలేజీ మెట్ల మీద
మోక్షితను ఒళ్ళో పెట్టుకొని కూచున్నప్పుడే
కూడబెట్టుకున్న మాట అది.
పీకితే ఒక పూట పోతుంది.
బాగు చేయిస్తే మూడు పూటలు.
మూడు పూటలు కొట్టు మూస్తే
అవెన్యూ రోడ్డు కుక్కర్లు
ఇంకో చేతికి అలవాటు పడతాయి.

వారంగా బిడ్డకు నిద్ర లేదు.
"నాయనా, పంట్లో ఎవురో సుత్తితో కొడ్తాండారు" అంది.
ఆ సుత్తి నాదే.
రామక్క గార్మెంట్సు నైట్ షిఫ్టుకు పోయిన రాత్రుల్లో
పిల్ల ఏడిస్తే పైనుంచి ఓనరు కాలితో తంతాడని
పాలసీసాలో రెండు చెంచాల చక్కెర కలిపి
నోట్లో పెట్టి పండబెట్టింది నేనే.
తెల్లారేదాకా ఆ తీపి
పండ్లను పట్టుకొని నానింది.
ఈ సంగతి రామక్కకు చెప్పలేదు.

డాక్టరమ్మ చిన్నది. పేరు సుజయ, బిజాపూర్ పిల్ల.
సగం తెలుగు, సగం కన్నడం.
కోప్పడలేదు.
ఎక్స్‌రే ఫిల్మును లైటుకు ఎత్తి పట్టింది.
నల్లగా తొలుచుకుపోయిన పాలపన్ను కింద
దవడ ఎముక లోపల
మబ్బులో తునక లాగా ఇంకోటి, నిద్రపోతూ.
"ఇది పైకొచ్చేది పదకొండో ఏట.
పైనున్నది ఇప్పుడే పోయిందనుకో,
వెనకాలోడు ముందుకు జరిగి కూచుంటాడు.
ఆమేలె దీనికి జాగా ఇల్ల."

జాగా అన్న చోట నాకు తెలిసొచ్చింది.
హిందూపురం బస్సు మెజెస్టిక్‌లోకి తిరిగీ తిరగకముందే
కిటికీలోంచి తువ్వాలు విసిరేవాణ్ణి.
చిరుగులది, చెమట వాసనది.
దాని ఖరీదు ఎవురూ అడగలేదు.
అది పడున్నంత సేపూ సీటు మాది,
గర్భంతో ఉన్న రామక్క
మెల్లగా మెట్లెక్కి వచ్చేదాకా.

సూదికి ఏడ్చింది. నా చొక్కా గుండీ తెంపింది.
వెంట్రుకంత ఆకురాళ్ళు,
నా పెట్టెలో ఎన్నడూ లేనంత సన్నవి,
కుళ్ళిన నరాన్ని కొంచెం కొంచెంగా గీకి తీసినాయి.
గదంతా లవంగం వాసన.
ఇంకో పూట తెల్లటి మందు పోసి నింపింది.
పాలపంటి వేర్లు కరిగే కాలం వచ్చినప్పుడు
ఈ మందు కూడా వాటితో పాటే కరిగిపోతుందంట.
ఇరవై ఏండ్లుగా హ్యాండిళ్ళు బిగిస్తాండా,
మూతలకు మాట్లు వేస్తాండా,
పోవాల్సిన పొద్దుకు తనంతట తాను పోయే అతుకు
ఒక్కటీ వేయలేదు.

మూడో పూట స్టీలు తొడుగు.
చిటికెన గోరంత.
ఆమె కొరముట్టుతో అంచు వంచుతాంటే
నా చేయి ఊరుకోలేదు.
"ఇటు పక్క ఇంకొంచెం నొక్కాల మేడమ్."
ఒకసారి నా వైపు చూసింది.
నొక్కింది.

పోయిన కుక్కర్లు నాలుగు, ఇడ్లీ పాత్ర ఒకటి.
లెక్క రాసుకున్నా గానీ
ఎవురికి చూపించాలో తెలీదు.

ఇప్పుడది అందరికీ నోరు తెరిచి చూపిస్తాది,
పాలాయనకి, చీటీల సరోజమ్మకి,
కాలితో తన్నే ఓనరుకి కూడా.
"ఊడినాక కప్పు మీదికి విసరాలంట గదా నాయనా,
మన కప్పు మీద ఓనరు ఉండాడే, యాడికి విసరాల?"
అప్పటికింకా ఆరేండ్లుందిలే అన్నా.
ఆరేండ్లంటే ఎన్ని ఆదివారాలని అడిగింది.

తెల్లారి షిఫ్టు దిగొచ్చిన రామక్క
కొంగులోంచి వేయించిన చెనిక్కాయలు పోసింది.
పిల్ల ఒకటి తీసి, ఆలోచించి,
ఆ వైపుకే పెట్టుకొని కొరికింది.
టక్కుమంది.
సీసా సంగతి చెబుదామని నోరు తెరిచినా.
రామక్క గోడకు ఆనుకొని
అప్పటికే నిద్రపోతాంది.